ఇప్పటి నీళ్ళు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఒకచోట పడాల్సినవి ఇంకోచోట పడుతుంటాయి. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు కనిపిస్తే మీరే సర్దుకుని చదువుకోండి. ఇది నా కథే. కానీ "నేను" అని మొదలుపెడితే చెయ్యి ముందుకు సాగడం లేదు, "ఆమె" అంటే సాగుతోంది. అందుకని ఆమె అనే రాస్తాను.

ఆమె గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. సబ్బు చేతులు తువ్వాలుకి తుడుచుకుని ఎత్తింది.

"అక్కా, తొట్టి దగ్గరికెళ్ళి పెట్టె మీద నంబరు ఎంతుందో చూసి చెప్పవా? ఇక్కడ తిరుగుతోంది, తిరుగుతోంది, కనెక్టే అవ్వట్లేదు."

ఆమె వెళ్ళి చూసింది. "ఇరవై తొమ్మిది, చుక్క, రెండు."

"చుక్క కాదే తల్లీ, పాయింట్ అంటారు" అని నవ్వి పెట్టేశాడు తమ్ముడు.

తమ్ముడు లిఫ్టుల కంపెనీలో మేనేజరు. భర్త పోయాక ఆమె ఉంటున్నది అతని ఇంట్లోనే. ముందు గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి పెట్టించి, దానికో నల్ల పెట్టె తగిలించాడు. నీళ్ళ వేడి, లైటు, మేత అన్నీ ఆ పెట్టే చూసుకుంటుందని, ఎక్కడున్నా ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలని చెప్పి అమ్మారట. యాప్ తెరుచుకోవడం బాగానే తెరుచుకుంటుంది. ఆ తర్వాత చక్రం ఒకటి తిరుగుతూ కూర్చుంటుంది. పొద్దున అడిగినదానికి మధ్యాహ్నం జవాబు వచ్చిన రోజులున్నాయి. ఈలోగా ఫోన్ ఆమెకి వస్తుంది, రోజుకి ఐదారు సార్లు.

ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం ఫోన్ పైకెత్తి చూపిస్తాడు. "ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదండీ, అంతా అదే చూసుకుంటుంది." అతను ఆ మాట అంటున్నప్పుడు ఆమె టీ ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉంటుంది. పొద్దున ఐదింటికి లేచి రెండు బకెట్లు పాత నీళ్ళు తోడి, అంతే వేడిగా కొత్త నీళ్ళు కలిపి పోసేది ఆమె. అద్దం మీద నాచు గీకేది, ఫిల్టరు స్పాంజి పిండేది, తొట్టి వెనక వైర్ల మీద దుమ్ము తుడిచేది కూడా ఆమే. ఏ వైరు దేనిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఎవరూ అడగలేదు. మరదలు బ్యాంకుకి వెళ్తూ, చెప్పులు వేసుకుంటూ, "వదినా, మీరు లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో!" అంటుంది. ఆ మాట పూర్తయ్యేలోపు తలుపు మూసుకుంటుంది. పోయిన ఆయనా అంతే. మంచం మీంచి "మోటారు కట్టేశావా? పోయి చూడు. గేటు వేశావా? పోయి చూడు" అనేవాడు. పోయి చూసొచ్చి ఏదైనా చెబితే "నీకేం తెలుసు?" అనేవాడు. జీవితమంతా ఒకరి కోసం చూసి రావడమే ఆమె పని. తన కోసం ఆగి ఏదైనా చూసిందా అంటే గుర్తు లేదు.

అలా మొదటిసారి ఆగి చూసింది చేపపిల్లల్ని.

తొట్టిలో ఒక జంట ఉంది. పళ్ళెంలా గుండ్రంగా, ఇటుక రంగు ఒంటి మీద నీలం గీతలతో ఉంటాయి. ఫిల్టరు గొట్టానికి అంటించినట్టు గుడ్లు పెట్టాయి. కొన్ని రోజులకి ఒక పొద్దున ఆమె బకెట్‌తో వచ్చేసరికి నూరు దాకా పిల్లలు, ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకంత, గొట్టం వదిలి తల్లి ఒంటికి అతుక్కుని ఉన్నాయి. తల్లి చర్మాన్ని కొరుకుతున్నాయి. పాపం దాన్ని తినేస్తున్నాయేమోనని ఆమె అద్దం మీద వేలితో తట్టబోయింది. తర్వాత అర్థమైంది, ఆ ఒంటి మీద పాలలాంటిదేదో ఊరుతోంది, పిల్లలు దాన్నే తాగుతున్నాయి. చేపకి పాలు! ఆమె బకెట్ దించేసింది. అంతలో అసలు వింత జరిగింది. మగ చేప వచ్చి తల్లి పక్కన ఆనుకుని నిలబడింది. తల్లి ఒళ్ళు చిన్నగా విదిలించింది. నూరు పిల్లలూ ఒక్కసారిగా, ఎవరో ఊదినట్టు, తండ్రి ఒంటి మీదికి మారిపోయాయి. తండ్రి ఒంట్లోనూ పాలే. తల్లి తొట్టి అవతలి మూలకి వెళ్ళి, ఒంటరిగా, ఏ పనీ లేకుండా కాసేపు తేలింది.

వంటింట్లో పాలు పొంగిపోయాయి. ఆమెకి వినపడలేదు. కూతురు పుట్టినప్పుడు ఆయన "ఏడుస్తోంది, తీసుకెళ్ళు" అన్న మాట ఎక్కణ్ణుంచో వచ్చి చెవిలో పడింది. ఇన్నేళ్ళూ అది లోకం తీరు అనుకుంది. లోకంలో ఇది కూడా ఉందన్నమాట, ఇంత కాలం, నీళ్ళ కింద, ఎవరికీ చెప్పకుండా.

మూడో రోజు తమ్ముడికి ఆఫీసులో గొప్ప చూపించాలనిపించింది. పదకొండింటికి ఫోన్.

"అక్కా, ఇక్కణ్ణుంచి నొక్కాను. మేత పడిందా?"

"లేదురా."

"ఇప్పుడు?"

"మేత డబ్బా కదల్లేదు."

"లైటు ఆరిందా?"

"అదీ లేదు."

వెనక ఎవరో నవ్వారు. "సరే, నువ్వే చిటికెడు వెయ్యి" అని పెట్టేశాడు. ఆమె వేసింది.

పన్నెండున్నరకి బట్టలు మడతపెడుతుంటే ముందు గదిలో టక్కుమంది. మేత డబ్బా ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ టక్కు. ఆమె పరుగున వెళ్ళేసరికి ఐదోది, చూస్తుండగానే ఎనిమిదోది. పొద్దున అతను నొక్కినవన్నీ దారిలో ఎక్కడో చిక్కుకుని ఇప్పుడు ఒక్కసారే వచ్చిపడ్డాయి. లైటు ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. చేపలు బెదిరి అద్దానికి కొట్టుకున్నాయి. బెదిరితే పిల్లల్ని మింగేస్తాయని తమ్ముడే ఒకసారి చెప్పాడు. తల్లి నోరు తెరిచింది. ఒక పిల్ల లోపలికి పోయింది.

ఫోన్ చేసింది. "ఎనిమిది సార్లు మేత పడిందిరా! నీళ్ళు చెడిపోతున్నాయి, లైటు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది."

"యాప్‌లో పచ్చ చుక్క ఉందక్కా, అంతా బాగానే ఉంది. పెట్టె మాత్రం ముట్టుకోకు, సెట్టింగులన్నీ పోతాయి. మీటింగులో ఉన్నా."

ఆమె నిలబడిపోయింది. ముట్టుకోవద్దని అతనన్నాడు, అది అతని తొట్టి, ఇది అతని ఇల్లు. రేపు ఏదైనా తేడా వస్తే "ఎందుకు వేలు పెట్టావు?" అన్న మాట తనకే. లైటు మళ్ళీ వెలిగింది. ఇంకో పిల్ల పోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి వెనక చెయ్యి పెట్టి, నల్ల పెట్టె ప్లగ్గు పీకేసింది. ఫిల్టరు వైరు, హీటరు వైరు పెట్టెలోంచి తీసి తిన్నగా గోడ ప్లగ్గుకి తగిలించింది. సన్నటి గొట్టం నోటితో పీల్చి అడుగున పడ్డ మేతంతా బకెట్‌లోకి లాగింది. కొత్త నీళ్ళు చేతికి అదే వేడి తగిలేదాకా కలిపి, గ్లాసు గ్లాసుగా, అద్దం వెంబడి జార్చింది. తర్వాత నేల మీద కూర్చుంది. కదిలితే నీడ పడుతుందని కదల్లేదు. ఒక గంట పట్టిందో, ఇంకా ఎక్కువో. చివరికి మగ చేప మెల్లగా వచ్చి పక్కన నిలిచింది. తల్లి విదిలించింది. మిగిలిన పిల్లలన్నీ ఎగిరి అటు మారాయి. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరున్నరకి తమ్ముడూ మరదలూ కలిసే వచ్చారు. అతని చేతిలో ఫోన్.

"చూశావా, అనవసరంగా కంగారుపడ్డావు. ఇరవై తొమ్మిది పాయింట్ రెండు. పచ్చ చుక్క."

ఆమె తొట్టి వెనక నుంచి ప్లగ్గు తీసి చూపించింది. "పన్నెండున్నర నుంచీ దీనికి కరెంటు లేదురా."

పెట్టె మీద అంకె లేదు, వెలుగు లేదు. ఫోన్‌లో మాత్రం పచ్చ చుక్క నిశ్చింతగా వెలుగుతోంది.

మరదలు పకపకా నవ్వింది. "ఆరు గంటలుగా మీరు ఎవర్ని చూస్తున్నారండీ?"

"నీ ఫోన్‌లో ఉన్నవి పొద్దుటి నీళ్ళు" అంది ఆమె. "తొట్టిలో ఉన్నవి ఇప్పటి నీళ్ళు."

అతను బ్యాగు దించి అద్దం ముందు కూర్చున్నాడు. కొంతసేపటికి "అదేంటక్కా, పిల్లలు దాని మీంచి దీని మీదికి దూకాయి?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అది తండ్రి. ఇప్పుడు దాని వంతు."

"ఎప్పట్నుంచి ఇలా?"

"మూడు రోజులైంది. నువ్వు నంబరొక్కటే అడిగావు."

అతను లేచేటప్పుడు, "యాప్ తీసేస్తానక్కా. నువ్వు చూసుకుంటే చాలు. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు!" అన్నాడు.

ఈ మాట కోసం ఆమె నలభై ఏళ్ళు ఎదురుచూసింది. వచ్చింది, నిజంగానే తియ్యగా ఉంది. కానీ దాని వెనకాలే రెండు బకెట్లు కూడా కనిపించాయి.

"నేనొక్కదాన్నే చూసుకోను. పొద్దుటి నీళ్ళు నువ్వు మార్చు."

"నాకు ఆఫీసుంది కదక్కా!"

"ఆ మగ చేపకి కూడా ఏవో పనులు ఉండే ఉంటాయి."

మరదలు ఈసారి నవ్వలేదు. మొగుడి వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు తెల్లవారుతుండగా ముందు గదిలో బకెట్ చప్పుడైంది. నీళ్ళు ఒలికాయి. "అక్కా, గుడ్డ ఎక్కడుంది?" అని కేక. ఆమెకి మెలకువగానే ఉంది. అటు తిరిగి పడుకుంది.

రేషన్ కార్డులో పేరు వేరే ఉంది, అందరూ పిలిచేది పెద్దక్క అని. వయసు అరవై ఒకటి. తమ్ముడి ఇంట్లోనే, ముందు గది పక్క గదిలో ఉంటున్నాను. పొద్దున ఏడింటి దాకా లేవను.