దేవుడి బియ్యంలో ఎలుకల మందు

నా బిడ్డను ఎలుకలు కొరుక్కు తింటాయని నా భయం. ఇంతకు మించిన భయం నాకు లేదు. కరుణాకుమారికి ఆరు నెలలు. పాలు తాగి నిద్రపోయాక ఎంత తుడిచినా మూతి దగ్గర ఆ వాసన పోదు. ఆ వాసనకే అవి వస్తాయి.

మేముండేది ఇల్లు కాదు. మా ఆయన ఆనందబాబు మిషను జీపు డ్రైవరు. ఆ జీపు వెనక తగిలించి ఊరూరా లాక్కుపోయే సువార్త ట్రైలరు ఒకటుంది. రెండు చక్రాల మీద రేకు గది, అంతే. ఈ అరవై రెండో సంవత్సరం అక్టోబరులో వానలు పట్టుకుని రోడ్లు బురదైపోతే, దాన్ని ఇందుకూరుపేటలో చర్చి ఆవరణలో ఇటికల మీద నిలబెట్టి, కాపలాకని మమ్మల్ని అందులో ఉంచారు.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడికని వేరే ముంతలో వేస్తారు. ఇంటింటికీ తిరిగి ఆ ముంతలు గోతంలో వంచుకొచ్చేది మగ్దలీనమ్మగారు. ఊళ్ళో ఆడవాళ్ళకు బైబిలు చెప్పే పెద్దావిడ. చర్చి కప్పు కారుతోందని ఆ గోతం తెచ్చి మా ట్రైలరులో బల్ల కిందికి తోసింది. ఎలుకలొస్తాయి, పసిబిడ్డ ఉంది, వద్దక్కా అని బతిమాలాను.

"దేవుడి బియ్యం ఎలకలు ముట్టవు ఏసుమణీ. నీకు విశ్వాసం చాల్లా," అన్నది.

మూడో రోజు మధ్యాహ్నం చినుకులు మొదలైతే తీగమీది గుడ్డలు తెద్దామని దిగాను. తిరిగి వచ్చేసరికి పాప గుక్క పట్టి ఏడుస్తోంది. ఎడమ కాలి బొటనవేలి మీద రెండు గాట్లు, పక్కగుడ్డ నిండా నెత్తురు. గోతం పక్కన ఎలుక కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా పారిపోలేదు. మూతి నాక్కుంది.

కాంపౌండరు చేత సూది వేయించుకొచ్చి, గోతాన్ని వానలోకి ఈడ్చేశాను. మగ్దలీనమ్మగారు సంఘపెద్దలకు చెప్పి మళ్ళీ లోపల పెట్టించింది. మా ఆయన ఉద్యోగం వాళ్ళ చేతుల్లో ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. చేతులు మాత్రం ఊరుకోలేదు. కిరసనాయిలు డబ్బా కత్తిరించి, నేల చెక్కల్లో కంతలన్నిటికీ ఆ రేకులు పెట్టి మేకులు కొట్టాను. గాజుపెంకులు నూరి సున్నంలో కలిపి చక్రాల పైన సందుల్లో కూరాను. ఎలుకలు పాకి రాకుండా జీపుకు తగిలించే ఇనపకాడికి గ్రీజు పూయమంటే మా ఆయన నవ్వి, మిగిలింది నీ మొహానికి పూసుకో, దోమలన్నా రావు అన్నాడు. నేను నవ్వలేదు. ఒక్కో మేకూ ఆ ఎలుక నెత్తిన దిగుతున్నట్టే కొట్టాను.

అయినా అవి కింద బొరియలు తవ్వుకుని, రోజుకొక కొత్త సందు కొరికి పైకి వచ్చేవి.

అప్పుడు కాలవగట్టు నుంచి యానాది నాగులమ్మను పిలిచాను. ఆమెకూ చంకలో బిడ్డే. కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊది, ఉక్కిరిబిక్కిరై బయటపడ్డ ఎలుకను చేత్తో పట్టేస్తుంది. కూలి అడగదు. పట్టిన ఎలుకలు, బొరియ అడుగున దొరికిన గింజలు తవ్వినవాళ్ళవే. ఇంటికి పోయి వండుకుంటారు. పాప కాలు పట్టుకుని చూసి, "దీన్ని కొరికినదాన్ని నేను కాల్చుకు తింటాలేమ్మా, నువ్వు ఏడవబాక," అన్నది. ఎవరి ప్రార్థనా నాకంత ఊరట ఇవ్వలేదు.

ఏడింటిని పట్టింది. అడుగున దోసెడు బియ్యం దొరికితే ఒడిలో పోసుకుంటూ ఉంది. మగ్దలీనమ్మగారు వచ్చి, అది దేవుడి సొత్తు, ఇక్కడ వంచిపొమ్మంది. నాగులమ్మ ఒడి వంచేసింది. పొగకుండ ఎత్తుకుని సగం పనిలో వెళ్ళిపోయింది. నేను కంచె దాకా వెంటపడి, "ఆదివారం అందరం ఆరాధనలో ఉంటాం. అప్పుడొచ్చి తవ్వుకో నాగులమ్మా. ఏది దొరికినా నీదే," అన్నాను.

శనివారం పొద్దున పాప చెవితమ్మె మీద మళ్ళీ గాటు పడింది.

ఇక ఆదివారం దాకా ఆగలేకపోయాను. మా ఆయన్ను నెల్లూరు పంపి మందు తెప్పించాను. నల్లటి పొడి, వెల్లుల్లి కంపు. ఇంట్లో వేరే బియ్యం ఉన్నా ఆ గోతంలోంచే తీశాను. తింటే దేవుడి బియ్యమే తిని చావాలి. ఎండుచేప దంచి, నూనె పోసి, మందు కలిపి కొబ్బరిచిప్పల్లో బొరియల మూతుల దగ్గర పెట్టాను. సాయంత్రానికి తొమ్మిది చచ్చాయి. ఒకటి ఇంకా కాళ్ళు కొట్టుకుంటుంటే పీట వేసుకుని కూర్చుని, ఆగిపోయేదాకా చూశాను. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. తొమ్మిదింటినీ తోకలు పట్టి ఈడ్చి చక్రం పక్కన వరసగా పేర్చాను. ఆరాధన అయ్యాక మగ్దలీనమ్మగారిని అక్కడికి తీసుకొచ్చి చూపించాలని.

ఆదివారం అందరికంటే గట్టిగా పాడాను. తర్వాత ఆవిణ్ణి వెంటబెట్టుకుని ట్రైలరు దగ్గరికి వచ్చాను. వరస లేదు. బొరియలన్నీ అడుగు దాకా తవ్వి, మట్టి శుభ్రంగా పక్కకు తీసి ఉంది. చిప్పల్లో ఒక్క గింజ లేదు.

కంచె దగ్గర నేనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మందు సంగతి నాగులమ్మకు చెప్పనే లేదు. తన కోసమే చంపి, వరసగా పెట్టి పోయాననుకుని ఉంటుంది.

"ఏందే, ఎలకలన్నావు?" అన్నది మగ్దలీనమ్మగారు. నేను మా ఆయన్ను కేకేశాను.

మా ఆయన కాలవగట్టుకు పరిగెత్తాడు. గుడిసె ఖాళీగా ఉంది. బుట్టలు నెత్తిన పెట్టుకుని తోటపల్లి గూడూరు వైపు పీతలకు పోయినారని పక్కవాళ్ళు చెప్పారట. అటు వెతకడానికి మర్నాటికి మాకు వీలు లేకపోయింది. వాన తెరిపి ఇచ్చింది, బండి కదలాలన్నారు. ట్రైలరుతో పాటు మమ్మల్నీ అల్లూరు తెచ్చారు. ఇందులో ఇప్పుడు ఒక్క ఎలుక లేదు. పాప నిద్రపోతోంది. నాకే నిద్ర లేదు.

ఎలుకల విషయంలో నాకు విచారం లేదు. మళ్ళీ వస్తే మళ్ళీ చంపుతాను. కానీ తోటపల్లి గూడూరు కాలవల వెంట ఉండేవాళ్ళెవరైనా ఇది చదివితే, ఒక్కసారి యానాదుల గుడిసెల దాకా వెళ్ళండి. పేరు నాగులమ్మ. గడ్డం మీద పచ్చబొట్టు ఉంటుంది, చంకలో మా పాపంత మగబిడ్డ ఉంటాడు. మూటలో బియ్యం మిగిలి ఉంటే పారబోయించండి. ఆమె ఎట్లా ఉందో చూడండి. వాడు ఆమె పాలు తాగుతున్నాడు, వాణ్ణి కూడా చూడండి.