దశాంశం పోయిన బరువులు

జోంబా జిల్లా ఆరోగ్య కార్యాలయంలో కంప్యూటర్ లెక్కలన్నీ తదాలా చేతి మీదుగా నడుస్తాయి. ఆ నెల రెండు కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు నలుగురేనని జాబితా వచ్చింది. అంతకుముందు నెల ఇరవై ముగ్గురు. పై అధికారి కలిలానీ ఆ కాగితాన్ని రాజధానికి పంపి, మెచ్చుకోలు ఉత్తరం అందుకుని, గోడకు అంటించుకున్నారు. అలాంటి బిడ్డలకని పంపే ఉన్ని టోపీలు కూడా ఆ లెక్క చూసి రాజధాని నుంచి నాలుగే వచ్చాయి.

మర్నాడు ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు నమలోంబా ఆ నాలుగు టోపీలూ పట్టుకుని దిగింది.

"ఏమ్మా, బరువు చాలక వెచ్చదనానికని తల్లుల గుండెలకు కట్టిన పిల్లలు నా వార్డులో పంతొమ్మిది మంది. మీ కాగితంలో నలుగురు. తతిమ్మా పదిహేను మందినీ కొండమీది కోతులు ఎత్తుకెళ్ళాయా?"

"కంప్యూటర్ చెప్పిందే పంపామండీ."

"అదెన్ని కాన్పులు చేసిందేం?"

తదాలా పట్టిక తెరిచింది. ఒక బిడ్డ బరువు రెండు. ఇంకో బిడ్డ మూడు. తర్వాత మూడు, రెండు, మూడు. నాలుగొందల పన్నెండు మందిలో ఒక్కరికీ దశాంశం లేదు. ఆ నెల మొదట్లో ఆ కొత్త పట్టిక కట్టింది తనే. బరువు గడికి దశాంశ సంఖ్య రకం ఇవ్వాల్సింది పోయి పూర్ణాంకం ఇచ్చింది. కిలోన్నర దాటి రెండు కిలోలు నిండని ప్రతి బిడ్డనూ డేటాబేస్ కిక్కురుమనకుండా రెండు కిలోలకు పెంచేసింది. తదాలా చెవులు వేడెక్కాయి.

గడి రకం మార్చడానికి నిమిషం పట్టలేదు. రెండు కాస్తా 2.000 అయింది. పోయిన గ్రాములు మాత్రం తిరిగి రాలేదు.

"తప్పు నాదేనండీ" అని కలిలానీతో చెప్పింది.

ఆయన గోడ మీది ఉత్తరం వంక చూశారు. "ఇప్పుడే పీకెయ్యాలా?"

"మధ్యాహ్నం దాకా ఉంచుకోండి."

ఆసుపత్రిలో కాన్పుల రిజిస్టరు ముందేసుకుని నమలోంబా చదువుతుంటే తదాలా బరువులన్నీ మళ్ళీ పట్టికలోకి ఎక్కించింది.

"ఒకటి పాయింటు తొమ్మిది, తొమ్మిది, ఐదు."

"పాయింటు తర్వాత ఒక్క అంకె చాలేమోనండీ?"

"అప్పుడది రెండై కూర్చుంటుంది. రెండైతే టోపీ రాదు. మూడంకెలూ కొట్టు."

కొట్టింది. రెండు రోజులకు జాబితాలో పంతొమ్మిది పేర్లు తేలాయి. సవరణ ఉత్తరం తదాలాయే రాసింది, తప్పెవరిదో పేరుతో సహా. జిల్లాల వరుసలో వాళ్ళ జిల్లా మొదటి స్థానం నుంచి పంతొమ్మిదో స్థానానికి జారింది. పది రోజులకు మిగతా టోపీలు వచ్చాయి. నమలోంబా వాటిని తదాలా చేతే పిల్లలకు తొడిగించింది.

కలిలానీ అన్నాళ్ళూ తదాలాతో పలకలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం తన చేపలో సగం తుంచి ఆమె పళ్ళెంలో వేశారు.

"ముళ్ళున్నాయి, చూసుకుని తిను" అన్నారు.