పదకొండో గాటు

నేను ఒక కొలకర్రని. ఐదడుగుల టేకు బద్దని, ఒంటి మీద పదకొండు గాట్లు. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో పుట్టాను. నన్ను చూసి ఎవరైనా ఉత్త కట్టెముక్క అనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను.

ఆ షెడ్డు కట్టిన మొదటి లారీ దూలంలో మిగిలిన ముక్కని కనకాచారి మేస్త్రి చిత్రిక పట్టి, ఆముదం పూసి నన్ను చేశాడు. ఆయనకు టేపు లేక కాదు. టేపు అంగుళాలు చెబుతుందట, నేను మనుషుల్ని చెబుతానట. కేబిన్ కట్టేముందు ఆ లారీ నడపబోయే డ్రైవర్ని పిలిపించి, కూర్చోబెట్టి, మోకాలు ఎక్కడికొచ్చిందో, చూపు ఎక్కడికొచ్చిందో కొలిచేవాడు. పొట్టివాడి సీటుకొక గాటు, పొడుగువాడి సీటుకొక గాటు, స్టీరింగ్‌కొకటి, ముందద్దం కింది అంచుకొకటి. ఏది దేనిదో ఎక్కడా రాసి లేదు, అంతా ఆయన బుర్రలోనే ఉండేది. అదంటే మా ఇద్దరికీ మహా గర్వం. తర్వాత తంటా వచ్చింది కూడా దానివల్లే.

ముప్పైనాలుగేళ్లు అలా గడిచాయి. ఓనరు కోటిలింగం గారికి మోకాళ్లు అరిగిపోయి ఇంటికి పరిమితమయ్యాక, షెడ్డు ఆయన కూతురు వసుంధర చేతికి వచ్చింది. మంచి పిల్ల. పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చినా పనివాళ్లందరినీ పేరుపేరునా పలకరించేది. అప్పటికే షెడ్డు పరిస్థితి అంతంతమాత్రం. మా దగ్గర ఒక్కో బాడీకి యాభై రోజులు పట్టేది. ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని వచ్చి, తన ఎనిమిది లారీల్లో ఒకదానికి ఇరవై ఐదు రోజుల్లో బాడీ కట్టి చూపిస్తే మిగతా ఏడూ మీకే ఇస్తానన్నాడు. పని పద్ధతి మార్చాలంది వసుంధర. అందులో ఆ పిల్లని తప్పుపట్టడానికేమీ లేదు.

గోడకు పెద్ద చార్టు అంటించింది. అంతకుముందు పద్నాలుగు మందీ ఒకే లారీ చుట్టూ మూగేవాళ్లు. ఇక నుంచి మూడు జట్లు, ఒక్కో జట్టుకి ఒక్కో పని, ఒక్కో పనికి ఇన్ని రోజులని లెక్క. ప్రతి గడిలో ఎవరో ఒకరి పేరుంది. కనకాచారి పేరు మాత్రం గళ్లన్నిటికీ పైన, ఏ గీతా తగలకుండా ఒంటరిగా ఉంది, పక్కన "సలహాదారు" అని. ఆయన కోసం ఆఫీసు గదిలో ఫ్యాను కింద కొత్త కుర్చీ కూడా వేయించింది. పాపం, దాన్ని సన్మానమనుకుంది.

ఆయన ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆయన చేతిలోనే ఉన్నాను, పట్టు బిగియడం నాకు తెలిసింది. "బాగుందమ్మా" అన్నాడు. నాలుగు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాడు. సలహా కోసం ఒక్కడు వస్తే ఒట్టు. ఐదో రోజు నన్ను గోడ మేకుకి తగిలించి, "ఇక్కడ నాకు పనేం మిగిలిందే" అని నాతోనే అని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. కర్రకి ఏడుపేమిటంటారా? మీకేం, అంటారు.

కొలతలు డ్రాయింగులోకి ఎక్కించాలని వసుంధర నా గాట్లన్నీ టేపుతో కొలుచుకుంది. ఆచారిని అడుగుదామని ఒకసారి ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. అలిగి వెళ్లిన మనిషితో మాట ఎలా కలపాలో తెలియక పెట్టేసింది. నా మీద మూడడుగుల దగ్గర ఒక గాటుంది, అది ముందద్దం అంచుది. దానికి జానెడు పైన ఇంకో గాటుంది, అన్నిటికంటే ముచ్చటగా చెక్కినది. అంత శ్రద్ధగా చెక్కాడంటే ఇదే అసలుదై ఉంటుందని ఆ పైదాన్ని పట్టుకుంది. అది కాదు తల్లీ అని మొత్తుకున్నాను. నా గోడు ఎవరికి వినపడుతుంది!

ఇరవై మూడు రోజుల్లో లారీ తయారైంది. షెడ్డంతా చప్పట్లు. డ్రైవర్ ఖాదర్‌వలీ ఎక్కి కూర్చుని, గేటు దాకా తీసుకెళ్లి, ఆపేసి దిగాడు. "బండి బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆకాశమంతా కనపడుతోంది. రోడ్డొక్కటే కనపడట్లేదు" అన్నాడు. ట్రాన్స్‌పోర్టు యజమాని వారం గడువిచ్చాడు. కేబిన్ జట్టుని అడిగితే, "మాకూ అనుమానం వచ్చిందమ్మా. డ్రాయింగులో ఉంది కదా అని ఊరుకున్నాం" అన్నారు.

వసుంధర నన్ను మేకు మీంచి తీసి, స్కూటర్‌కి అడ్డంగా పెట్టుకుని ఆచారి ఇంటికి బయల్దేరింది. ఆయన గుమ్మంలో కూర్చుని పీట చెక్కుతున్నాడు.

"బాబాయ్, అద్దం అంచు నాశనం చేశాను. ఈ గాటు పట్టుకున్నాను" అంది.

ఆయన దాని మీద బొటనవేలు పెట్టి చూశాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఓసి పిచ్చితల్లీ! నీకు ఆరేళ్లప్పుడు మీ నాన్న షెడ్డుకి తీసుకొచ్చాడు. లారీ నడుపుతానని ఒకటే పేచీ. డ్రైవరన్నాక కొలత ఇవ్వాలని నిన్ను నిలబెట్టి గాటు పెట్టాను. ఇది నువ్వే."

ఆ పిల్ల నా మీద ఆ గాటుని వేలితో తడిమింది. "మరి చెరిపేయలేదేం బాబాయ్? ఎవరైనా పొరబడరా?"

"చెరపడానికి నువ్వేమన్నా తప్పు కొలతవా?" అన్నాడు.

వసుంధర కళ్లు తుడుచుకుంది. "నిన్ను పైన కూర్చోబెట్టి పొరపాటు చేశాను. చార్టులో నీ గడి ఎక్కడో నువ్వే చెప్పు."

"డ్రైవర్ పక్కన" అన్నాడాయన, ఉలి పక్కన పెట్టి లేస్తూ.

అద్దం నాలుగు రోజుల్లో సరైంది. చార్టులో మొదటి గడి మారింది: డ్రైవర్ని కూర్చోబెట్టి కొలవడం, కనకాచారి. ఆయనా మారాడండోయ్. ముప్పైనాలుగేళ్లు బుర్రలో దాచుకున్నదంతా కేబిన్ జట్టుకి నేర్పి, తెల్లరంగుతో ఒక్కో గాటు పక్కనా పేరు రాశాడు. మిగతా ఏడు లారీలూ మాకే వచ్చాయి.

ఇప్పుడు మీట నొక్కితే జరిగే సీట్లొచ్చాయి, నాతో పెద్దగా పనిలేదు. ఆ ఫ్యాను కింద కుర్చీకి పైన, గోడ మీద ఉంటున్నాను. పదకొండో గాటు పక్కన ఆయన వంకర అక్షరాల్లో "అమ్మాయి" అని ఉంటుంది. ఏదైనా కొత్త మార్పు తలపెట్టినప్పుడల్లా వసుంధర ముందు నా దగ్గరికొచ్చి ఆ గాటు మీద వేలు పెడుతుంది. తర్వాత గుమ్మం దగ్గరికెళ్లి షెడ్డులోకి కేకేస్తుంది.

"బాబాయ్, ఒకసారి రావా? నీతో మాట్లాడాకే మొదలుపెడతాను."