మైకత్త పడవ ప్రయాణం

పళ్ళ డాక్టరమ్మకు ఆదివారం సెలవు. ఆ ఆదివారం మాత్రం ఆవిడ ఇంకా మంచం దిగకముందే, కింది అంతస్తులో ఉండే మేనత్త ఫోన్ చేసింది.

"నా కంప్యూటర్ కొంప ముంచిందే! ఉన్నపళంగా రా."

మేనత్త ఏళ్ళ తరబడి బస్టాండు మైకులో, ఏ బస్సు ఎక్కడికో చెప్పి రిటైరైన మనిషి. వీధంతా ఆవిడను మైకత్త అంటుంది. ఇప్పుడు చూపులేని వాళ్ళ లైబ్రరీకి నవలలు చదివి, రికార్డు చేసి పంపుతోంది.

డాక్టరమ్మ వెళ్ళేసరికి అత్త కంప్యూటర్ డబ్బాను ఒక మొట్టికాయ మొట్టి, రెండోదానికి చెయ్యెత్తింది.

"కొడితే పలకడానికి అదేమన్నా డప్పా, అత్తా? ఏమైంది?"

"నవల చివరికొచ్చింది. పిల్ల పడవెక్కబోతుంటే మైకు ఆగిపోయింది. పాపం, ఒక కాలు ఒడ్డున, ఒక కాలు పడవలో పెట్టుకుని పొద్దుట్నుంచీ అలాగే నిలబడుంది."

డాక్టరమ్మ నవ్వాపుకుని కుర్చీ లాక్కుంది. మైకు తీగ డబ్బా ముందువైపు యూఎస్‌బీ పోర్టులో ఉంది. తీసి మళ్ళీ పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. అయినా అంతే. వెనకాల ఉన్న మౌస్ తీసి ముందు పెడితే అదీ కదల్లేదు. మౌస్ తీసిన చోట మైకు పెడితే మాత్రం చక్కగా పలికింది.

"మైకు బంగారంలా ఉంది. జబ్బు ముందున్న పోర్టుకే."

కరెంటు తీగ పీకేసి, పైకి వెళ్ళి, పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చింది. టార్చి వేసి అద్దంలో చూసింది.

"అత్తా, ఇక్కడ కూర్చుని పల్లీలు తింటావా?"

"ఎప్పుడన్నా... ఒకటీ అరా."

"పొట్టు లోపలికెళ్ళి కూర్చుంది."

పుల్లతో నెమ్మదిగా పొట్టు బయటికి లాగింది. అత్త దాన్ని అరచేతిలో వేసుకుని, ఎవరో తిని పడేసినట్టు ఎగాదిగా చూసింది. కానీ కంప్యూటర్ ఆన్ చేసినా పోర్టు పని చేయలేదు. లోపల ఒక రేకు వంగి, విరిగింది.

"తీగను బలవంతంగా తోశావు కదూ?"

"పొట్టు అడ్డముందని నాకేం తెలుసే? దూరకపోతే దూర్చాను."

"దీన్ని మెకానిక్కే మార్చాలి. ఈలోగా కీబోర్డు తీసేసి, వెనకాల ఆ చోట్లో మైకు పెడదాం. చదవడానికి నీకు మౌస్ చాలు."

అయితే మైకు తీగ పొట్టిది. బల్లను అడ్డంగా తిప్పితే గానీ నేల మీదున్న డబ్బా వెనక్కి అందలేదు. ఎప్పుడూ గోడకు ఎదురుగా కూర్చుని చదివే అత్త ఇప్పుడు గదివైపు తిరిగింది. ఎదురుగా మంచం మీద మేనకోడలు.

"చప్పుడు చేయకు."

అత్త మొదలుపెట్టింది. పిల్ల పడవెక్కింది. తాడు విప్పారు. మేనకోడలి కళ్ళు పెద్దవవుతుంటే అత్త గొంతు తగ్గించింది. డాక్టరమ్మ ముందుకు వంగితే, కావాలనే ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత మాట చెప్పింది. అవతలి ఒడ్డున తండ్రి కనబడగానే మేనకోడలు ముక్కు తుడుచుకుంది. అది అత్త చూసింది. అయినా ఆపకుండా చివరిదాకా చదివేసింది.

సాయంత్రం, పంపిన రికార్డింగు విని లైబ్రరీ అతను ఫోన్ చేశాడు. అత్త అలవాటుగా స్పీకర్ పెట్టింది.

"ఇన్నాళ్ళూ బాగానే చదివేవారండీ. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు, స్పష్టంగా. ఇవాళ మాత్రం పక్కన కూర్చుని కథ చెప్పినట్టుంది. ఏం చేశారేంటి?"

"పోర్టు పాడైందండీ," అంది అత్త.

ఫోన్ పెట్టేశాక బల్లను వెనక్కి జరుపుదామా అని డాక్టరమ్మ అడిగింది.

"ఉండనీ. వచ్చే ఆదివారం కొత్త నవల మొదలు. నీకేం పనుందీ?"

"ఏం లేదత్తా. దేని గురించి?"

"ఇప్పుడే చెప్తే అప్పుడేం వింటావే!"