అక్కకి ఊ కొట్టే రేడియో

రేడియో కొనడానికి వచ్చినవాళ్ళు పాటలు పెట్టి వినిపించమంటారు. కేకులావిడ మాత్రం కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "మా అక్క గొంతు వచ్చే రేడియో కావాలండీ," అంది. పాత రేడియోల కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

ఆయన తప్పేం లేదు, ఆ మాట ఎవరు విన్నా అలాగే చూస్తారు. అసలు సంగతేమిటంటే, ఆమె అక్క చాలా దూరాన, సముద్రపు ఒడ్డున ఒక చిన్న రేడియో స్టేషనులో అనౌన్సరు. రోజూ పొద్దుగూకే వేళ పడవలవాళ్ళ కోసం గాలి, అలలు, వాన కబుర్లు చదువుతుంది. ఇప్పుడు పడవలవాళ్ళందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అందుకని శనివారం సాయంత్రం ఆఖరిసారి చదివించి స్టేషను మూసేస్తున్నారు. ఎవరూ వినని స్టేషనుకి కరెంటు కూడా దండగ అన్నారట పైవాళ్ళు.

ఆ మాట ఫోనులో చెబుతూ అక్క నవ్వింది. "నిజమేనే పొట్టీ. ఇన్నేళ్ళూ గోడలకి చదివాను. 'విన్నానమ్మా' అని ఒక్కరు చెప్పిన పాపాన పోలేదు."

నవ్వింది గానీ, అది ఎలాంటి నవ్వో చెల్లెలికి తెలియదా? ఫోను పెట్టేశాక క్రీము గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది.

అమ్మానాన్నలు పోయేనాటికి అక్క ఇంకా కాలేజీ పిల్ల, ఈమె బడికి వెళ్ళే పిల్ల. అక్క చదువు మానేసి ఆ ఒడ్డున ఉద్యోగంలో చేరింది. అక్కడ బడి లేదు కాబట్టి చెల్లెల్ని పిన్ని ఇంట్లో ఉంచింది. స్కూలు ఫీజులు, బట్టలు, చెప్పులు, ఆ తర్వాత కేకుల పని నేర్చుకోవడం, అన్నీ ఆ గొంతు సంపాదించి పెట్టినవే. అంత తిండి పెట్టిన గొంతును చెల్లెలు రేడియోలో ఒక్కనాడూ వినలేదు. బేకరీలో పనిచేసినన్నాళ్ళూ సాయంత్రాలు తీరిక ఉండేది కాదు. సొంతంగా ఇంట్లోనే కేకులు చేయడం మొదలుపెట్టాక ఒకటి రెండు సార్లు ప్రయత్నించింది గానీ గరగర తప్ప ఏమీ రాలేదు. "ఇంత దూరం రాదులేవే," అని అక్కే కొట్టిపారేసేది.

ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని అక్క కథలు చెప్పేది. ఒకటే షరతు, ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఆగినట్టే. "వినేవాళ్ళు లేనప్పుడు నా నోరెందుకు నొప్పి పెట్టుకోవాలి?" అనేది. ఉద్యోగానికి వెళ్ళే ముందు రోజు, పడవ ఎక్కనని మొండికేసిన గాడిద కథ ఎత్తుకుంది. చెల్లెలు మధ్యలోనే నిద్రపోయింది. తెల్లారి లేచేసరికి అక్క బస్సెక్కి వెళ్ళిపోయింది. అలాంటి కథల మనిషి, ఊ కొట్టేవాళ్ళు లేకుండా ఇన్నేళ్ళు ఎలా చదివిందో! శనివారమైనా ఆ గొంతు తన ఇంట్లో వినబడాలి, విన్నానని అక్కకి చెప్పాలి. కేకులావిడకి కావలసింది అదొక్కటే.

"ఇప్పుడు పెట్టి చూపించండి," అంది కొట్టాయనతో.

"ఇప్పుడెలా వస్తుందమ్మా? మీడియం వేవ్ పగలంతా నేలబారున నడుస్తుంది, ఎంతో దూరం పోలేదు. పొద్దుగూకాకే ఆకాశానికి తగిలి ఎక్కడెక్కడికో దూకుతుంది." ఆ మాట అంటూనే ఆయన పై అరలోంచి ఒక భారీ శాల్తీని దింపాడు. నిండా లైట్లు, బొత్తాలు, లాగితే మనిషి ఎత్తు వచ్చే ఏరియల్. "ఇది తీసుకెళ్ళండి. గుసగుసని కూడా గావుకేక చేస్తుంది."

ఆ గావుకేకను ఆవిడ భర్త మోసుకొచ్చాడు. ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. రోజంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచే మనిషి కాబట్టి ఇంట్లో కూడా ఆ స్థాయి తగ్గదు. పొద్దుగూకగానే ఏరియల్‌కి తీగ కట్టి, దాన్ని పట్టుకుని మేడ మీదికి పరిగెత్తి, బట్టలు ఆరేసే తాడుకి చుట్టాడు.

"వచ్చిందా?" అని పైనుంచి కేక వేశాడు.

"వచ్చిందండీ!"

"మీ అక్కేనా?"

"కాదు, పళ్ళపొడి!"

ఊరి చివర గుట్ట మీద ఒక స్టేషనుంది. రేడియోలో దాని నంబరూ అక్క స్టేషను నంబరూ పక్కపక్కనే. అది పళ్ళపొడి ప్రకటన అందుకుందంటే వీధంతా మారుమోగిపోవలసిందే. దాని వెనకాల ఎక్కడో గోడ అవతల మాట్లాడుతున్నట్టు ఏదో గొంతు. అది అక్కదో, అక్క పక్కింటివాళ్ళదో ఆ దేవుడికే తెలియాలి. కొట్టాయన అబద్ధం చెప్పలేదు, రేడియో గావుకేక పెట్టింది. కాకపోతే ఆ కేక పళ్ళపొడిది.

మర్నాడు రేడియోను వెనక్కి తీసుకెళితే ఆయన ఏమాత్రం తొణకలేదు. "నేను అప్పుడే అనుకున్నా," అన్నాడు. తర్వాత నంబరు అడిగి, విని, నెత్తి కొట్టుకున్నాడు. "అది మన గుట్ట స్టేషను పక్క నంబరు కదమ్మా! ముందే చెప్పొద్దూ?"

"మీరు అడిగితే కదా!"

"సరే సరే. అయితే మీకు కావలసింది గట్టిగా వినే రేడియో కాదు, పక్కవాణ్ణి పట్టించుకోని రేడియో. బస్టాండులో పదిమంది కండక్టర్లు అరుస్తుంటే మన ఊరి పేరొక్కటే చెవిన పడాలి చూడండీ, అలాంటిది."

రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి అరచేతిలో ఇమిడే కొత్తది, నంబర్లు మెరుస్తున్నాయి. రెండోది చెక్క పెట్టెలాంటి పాతది, ముందు వెడల్పాటి గాజు, ముల్లు. కేకులావిడ చెయ్యి కొత్తదాని మీదికే పోయింది. ఆయన రెండింటి వెనక మూతలూ తీసి చూపించాడు. కొత్తదాంట్లో వేలెడంత నల్లకడ్డీ ఉంది. పాతదాంట్లో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అప్పడాల కర్రంత కడ్డీ, దాని మీద రాగితీగ చుట్టి ఉంది.

"మీడియం వేవ్‌కి ఇదేనమ్మా చెవి. ఎంత పొడుగుంటే అంత మంచిది. దీనికి ఇంకో మీట కూడా ఉంది, నొక్కితే పక్క నంబరు మాటలు లోపలికి జొరబడవు."

"మరి నిన్నటి ఆ పెద్ద ఏరియల్ సంగతేమిటి?" అన్నాడు మాస్టారు.

"మీడియం వేవ్‌కి అది అలంకారమేనండీ. దాని పని ఎఫ్ఎమ్‌కి."

"ఆ ముక్క నిన్ననే చెప్పి ఉంటే నాకు మేడ ఎక్కే బాధ తప్పేది కదయ్యా!"

"మీరు ఎక్కుతారని నాకేం తెలుసండీ?" అన్నాడు కొట్టాయన. ముగ్గురూ నవ్వుకున్నారు. పాతది కేకులావిడే ఎంచుకుంది, మోత మళ్ళీ మాస్టారిదే అయింది.

శుక్రవారం సాయంత్రం పళ్ళపొడి సగానికి సగం తగ్గింది. వెనక గొంతు కాస్త ముందుకొచ్చింది. "...గాలులు... పడవలు..." అని రెండు మాటలు తేలి, మళ్ళీ మునిగిపోయాయి. ఆడ గొంతే, కానీ ఎవరిదో పోల్చుకోలేకపోయింది. కేకులావిడకి ఏడుపొకటే తక్కువ. "ఇంకా రేపుంది కదోయ్," అన్నాడు మాస్టారు, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా.

శనివారం నాడు ఎవరిదో పుట్టినరోజుకి మూడంతస్తుల కేకు ఆర్డరు. వంటింటి బల్లంతా దానికే సరిపోయింది. రేడియోను గోడ పక్క నుంచి తీసి, ఖాళీగా కనిపించిన ఒకే ఒక చోట పెట్టింది. అది కేకును నిలిపి తిప్పే గుండ్రటి ఇనుప పీట. వేళయింది. రేడియో పెట్టింది. మళ్ళీ పళ్ళపొడి!

ఈ కేకుల పనిలో మొదట నేర్పేది ఒకటే: క్రీము రాసే చెయ్యి కదపకూడదు, కేకునే తిప్పాలి. ఇన్నేళ్ళ అలవాటు, పీట ముందు నిలబడితే ఎడమ చెయ్యి ఊరుకుంటుందా? కుడి చేత్తో ముల్లు సరిచేస్తూ, తెలియకుండానే ఎడమ చేత్తో పీటను తిప్పింది. పళ్ళపొడి సన్నబడింది. ఇంకాస్త తిప్పింది. పళ్ళపొడి చచ్చూరుకుంది.

"అయ్యో, పాడైపోయిందండీ!" అంది.

పాడవలేదు. కొట్టాయన చెప్పడం మరిచిపోయిన ముక్క ఇది. ఆ నల్లకడ్డీ పక్కలకి బాగా వింటుంది, రెండు కొసల వైపూ దానికి చెవుడు. కొస సరిగ్గా గుట్ట వైపు తిరిగేసరికి గుట్ట స్టేషను నోరు పడిపోయింది. కొస గుట్ట వైపుంటే, సముద్రం కడ్డీ పక్క వైపు కావడం ఈవిడ అదృష్టం. మాస్టారు ఏమనుకున్నాడో, గబగబా వెళ్ళి ట్యూబులైటు ఆర్పాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. వాటి వల్ల వస్తున్న గుయ్యిమనే రొద కూడా పోయింది.

ఆ ఖాళీలోకి అక్క వచ్చింది.

"...దక్షిణ దిక్కు నుంచి గాలులు. అలలు నడుమెత్తు..."

అదే గొంతు. ఫోనులో వినే ముసలి గొంతు కాదు, పక్కలో పడుకుని విన్న గొంతు. ఒక్కో మాటనూ వేడి చల్లార్చి నోట్లో పెడుతున్నట్టు చదువుతోంది. దూరం నుంచి వస్తోంది కదా, పెరుగుతూ తగ్గుతూ వస్తోంది. "ఊ," అంది చెల్లెలు. తాను అన్నట్టు తనకే తెలియదు. పడమటి గాలుల దగ్గర అక్కకి దగ్గొచ్చింది. "క్షమించండి," అంది. నీళ్ళు తాగింది. గ్లాసు పెట్టిన చప్పుడు టక్కుమని ఈ వంటింట్లో వినబడింది. "ఊ," అంది చెల్లెలు. చెంపల మీద క్రీమూ కన్నీళ్ళూ కలిసిపోయాయి. మాస్టారు నవ్వలేదు.

చివర్లో అక్క ఒక క్షణం ఆగింది. "వింటున్నవారు ఎవరైనా ఉంటే, వారికి నా నమస్కారం," అంది. ఆ తర్వాత ఉత్త గాలి చప్పుడే.

కేకులావిడ వెంటనే ఫోను చేసింది.

"అయిపోయిందే పొట్టీ," అంది అక్క. "మైకు ఆపేశారు."

"విన్నానక్కా."

"చాల్లే. నన్ను ఊరడించడానికి కబుర్లు చెప్పకు."

"పడమటి గాలుల దగ్గర నీకు దగ్గొచ్చింది. క్షమించండి అన్నావు. నీళ్ళు తాగి గ్లాసు మైకు పక్కనే టక్కున పెట్టావు. నమస్కారం చెప్పే ముందు ఆగావు, ఏడుపొచ్చిందా?"

చెల్లెలు జవాబు కోసం ఆగలేదు.

"గోడలకి చదివానన్నావు చూడు, ఆ చదువే నాకు అన్నం పెట్టిందక్కా. నా చేతిలో ఉన్న ఈ పని, నా ఇల్లు, అన్నీ నీ నోట్లోంచి వచ్చినవే. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. నీ రుణం తీర్చుకోలేను, తీర్చుకోవాలనీ లేదు. ఉండనీ. ఇందాక నువ్వు చదువుతుంటే ప్రతి వాక్యానికీ ఊ కొట్టాను, కావాలంటే మీ మరిదిని అడుగు."

"కొట్టిందండీ వదినగారూ, నేనే సాక్షి!" అని పక్కనుంచి తన మామూలు స్థాయిలో అరిచాడు మాస్టారు.

అక్క ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ఏదీ, ఒకసారి కొట్టవే, విననీ."

"ఊ."

"ఇంకోసారి."

"ఊ."

అక్క గొంతు సవరించుకుంది. "ఆ గాడిద ఎక్కడ ఆగింది?"

"రేవులోనే అక్కా. ఒక కాలు పడవలో, మూడు కాళ్ళు ఒడ్డున."

"అయితే విను. ఊ కొట్టకపోయావో, మళ్ళీ ఆపేస్తా."

"ఊ," అంది చెల్లెలు.