షుంతా ఎక్కాల్సిన వంకాయ ఆవు

మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు ఆగస్టులో బోన్ పండక్కి ఇంటికొస్తారు. త్వరగా రావడానికి కీరదోసకాయ గుర్రం, నిదానంగా తిరిగి పోవడానికి వంకాయ ఆవు. కాయకు నాలుగు పుల్లలు గుచ్చితే వాహనం సిద్ధం. పోయిన మా తాతగారి తమ్ముడు ఓసారి ఆవెక్కి తిరుగు దారి పట్టాడు. అది దారి పొడుగునా మేస్తూ నిలబడితే, మళ్ళీ పండగనాటికి గానీ ఊరి పొలిమేర దాటలేదు. అబద్ధమైతే నా పళ్ళు రాలిపోనీ. ఎలాగూ నాలుగే ఉన్నాయి.

ఈ ఏడు షుంతాకి మొదటి పండగ. పదహారేళ్ళవాడు. ఫిబ్రవరిలో మంచు మీద సైకిలు జారి చనిపోయాడు. వాడూ, మా మనవడు తెప్పే, కొయుకి అనే పిల్లా బడిలో చేరిన నాటినుంచి ఒకే జట్టు. పోయిన శీతాకాలం షుంతా, కొయుకి చేతులు పట్టుకు తిరగడం మొదలెట్టారు. మావాడు రెండడుగులు వెనగ్గా, ఏమీ పట్టనట్టు నడిచాడు. వాడికా పిల్లంటే ఎంతిష్టమో మా కోళ్ళక్కూడా తెలుసు. వాడు మాత్రం నోరు విప్పడు.

ఈ ఆరు నెలలూ కొయుకి నోట షుంతా మాట తప్ప మరోటి లేదు. మావాడు ఊఁ కొట్టి, ఇంటికొచ్చి గోడను తంతాడు. గోడ పెచ్చులూడింది.

"ఆ పిల్లతో చెప్పరా," అన్నాను.

"చచ్చిన స్నేహితుడితో పోటీ పడమంటావా తాతా?" అని కసిరాడు.

పదహారో తేదీ సాయంత్రం షుంతాను సాగనంపాలి. వాళ్ళ వాకిట్లో, పోయేవాళ్ళకు దారి చూపే మంటకు జనపపుల్లలు పేర్చారు. చూస్తే గుర్రం ఉంది, ఆవు లేదు.

"నేనే దాచాను," అంది కొయుకి. "ఆవు లేకపోతే ఎలా పోతాడు?"

"నడిచి పోతాడే మొద్దూ!" అన్నాడు తెప్పే. " లేదంటే ఆ గుర్రమే ఎక్కి ఒక్క గంతులో పోతాడు."

"వాడు పోవాలని నీకెంత తొందరరా!"

"అవును, తొందరే!" మావాడు అరిచాడు. "వాడున్నప్పుడూ నువ్వంటే ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. వాడు నాకూ స్నేహితుడేగా! నేనూ ఏడుద్దామంటే నీ ఏడుపుకే చోటు చాలట్లేదు."

చెప్పమన్నది నేనే. షుంతా కన్నతల్లి అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డప్పుడు చెప్పమన్నానా? నాకు ఒళ్ళు మండిపోయింది.

షుంతా తల్లి కొయుకి భుజం పట్టుకుంది. "నాకు మాత్రం పంపాలనుందా అమ్మాయ్? కానీ బండి తప్పినవాడిలా వాడు వాకిట్లో నిలబడిపోతే చూడలేను. తీసుకురా తల్లీ."

కొయుకి సంచిలోంచి ఆవును తీసింది. వంకాయ ముడతలు పడింది. ఒక కాలు విరిగింది. తెప్పే చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు."

కొత్త పుల్ల తనే గుచ్చింది. రెండుసార్లు ఒరిగిపోయింది. మూడోసారికి నిలబడింది. తల్లి మంట వెలిగించింది. పొగంతా మావాడి మొహానికే కొట్టింది. వాడు కదల్లేదు.

మంట ఆరాక కొయుకి తెప్పేవైపు చూడకుండానే అంది: "బడి తెరిచాక ఏడింటి రైలుకే వస్తాను. నా పక్కన కూర్చోకు."

"సరే."

"ఎదురుగా కూర్చో. ఈసారి నువ్వు ముందు ఏడువు. నేను వింటాను."

"అంతేనా?"

"ఇవాళ్టికంతే," అని చీపురు తీసుకుని బూడిద ఊడవసాగింది.