ఇరవైకి ఆరు

"మేనకా, టవలు," అని స్నానాల గదిలోంచి బాలాజీ కేక. టవలు తలుపు బయట కొక్కేనికే వేలాడుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. పదకొండేళ్లుగా ఆ చెయ్యి చాపడం మేనక వంతు.

మేనక వేలూరులో ఒక కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు ప్రొఫెసరు. పక్షవాతం వచ్చినవాళ్లకు అన్నం కలుపుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం మళ్లీ ఎలా నేర్పాలో పిల్లలకు పాఠం చెబుతుంది. రోజూ గుడియాత్తం నుంచి బస్సులో పోయి వస్తుంది. బాలాజీ చుట్టాలకు ఆ ఉద్యోగాన్ని ఆస్పత్రిలో ఏదో చేతులు పిసికే పని అని పరిచయం చేస్తాడు. తన లుంగీల వ్యాపారం గురించి మాత్రం గంటసేపు చెబుతాడు.

రెండేళ్ల కిందట అత్త కాంతమ్మకు కుడిచెయ్యి పడిపోయింది. సెలవు ఎవరు పెట్టాలన్న చర్చ ఆ ఇంట్లో రాలేదు. ఆమె కోసం మేనక చేతి వ్యాయామాల చిన్న పుస్తకం ఒకటి రాసింది. మాట తెలుగు, అక్షరం అరవం. ఇక్కడివాళ్లు తెలుగులో పోట్లాడుకోగలరు గానీ తెలుగు చదవలేరు. అరవంలో బకీ పకీ ఒకటే అక్షరం. 'చేతికి బలం' అని మేనక రాస్తే, కాంతమ్మ 'చేతికి పలం' అని చదివి, ఆ ఫలమేదీ అని రోజంతా సతాయించింది. విసుగెత్తి మేనక ఒక బత్తాయి చేతిలో పెట్టింది. నెలరోజులుగా రబ్బరు బంతిని లెక్కచేయని వేళ్లు, పండు కాబట్టి, పట్టుకున్నాయి. ఇప్పుడు అణైకట్ నుంచి, ఒడుగత్తూరు నుంచి వచ్చే రోగుల చేతుల్లోనూ బత్తాయిలే. ఇంటికొచ్చినవాళ్లతో కాంతమ్మ మాత్రం, నన్ను నా కొడుకే నిలబెట్టినాడు అంటుంది.

ఈ సంగతే గురువారం మొదలయ్యే చెన్నై సదస్సులో చెప్పాలి. శాఖ పెద్ద రంగరాజులు పత్రం మీద తన పేరు ముందు పెట్టుకున్నాడు. కాంతమ్మ చెయ్యి ఆయన ఎన్నడూ చూడలేదు. చివర కృతజ్ఞతల్లో పండ్ల అంగడి తిరువేంగడం పేరు, ఆ తరువాత మేనక పేరు ఉన్నాయి. "మూడు దినాలు ఇల్లు విడిచి రావాలంటే నీకు కష్టం గదమ్మా, నేనే పోయి చదివేస్తాలే," అన్నాడు. కాదంటే ఈ సాయంత్రంలోగా చెప్పాలట.

ఇడ్లీలు వడ్డిస్తూ మేనక ఆ మాట ఎత్తింది.

"మూడు దినాలా? అమ్మని ఎవురు చూస్తారు?" అన్నాడు బాలాజీ. ఫోను మీంచి తలెత్తకుండానే పళ్లెం ముందుకు జరిపాడు. చట్నీ అని దాని అర్థం.

ఎవరు చూస్తారని కొడుకు అడిగిన ఆ అమ్మ అప్పటికే తిని, తన పళ్లెం తానే తోమి బోర్లించి, కుర్చీలో కూర్చుని ఉంది.

మేనక సంచిలోంచి ఒక కాగితం తీసింది. పుస్తకం చివర ఉండే మార్కుల కాగితం. పది పనులు. సొంతంగా చేసుకుంటే రెండు మార్కులు, ఒకరు అందిస్తే ఒకటి, ఒకరే చేసిపెడితే సున్నా. మొదట్లో కాంతమ్మకు మూడొచ్చాయి, ఇప్పుడు పదిహేడు. మేనక పైన పేరు రాయకుండా మార్కులు వేసుకుంటూ పోయింది. స్నానం, టవలు అందిస్తే, ఒకటి. వడ్డించుకోవడం, సున్నా. తిన్న పళ్లెం తీయడం, సున్నా. బీపీ మాత్ర అరచేతిలో పెడితే మింగుతాడు, ఒకటి. చొక్కా వెతుక్కోవడం, సున్నా. మంచం దిగడం రెండు, నడక రెండు. అన్యాయంగా మార్కులు కోసే అలవాటు ఆమెకు లేదు. మిగతా మూడూ సున్నాలే.

కాగితం అత్త చేతికిచ్చి, చెప్పులేసుకుంది. కాంతమ్మ కళ్లజోడు తగిలించుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"అయ్యో, యిరవైకి ఆరేనా. ఎవురమ్మా యీ పేషెంటు, నాకన్నా పెద్దాయనా?"

"లేదత్తా. నలభై రెండేండ్లు."

"పాపం. చేసిపెట్టేదానికి పెండ్లామన్నా ఉండాదా?"

"ఉండాదత్తా," అంది మేనక. "గురువారం చెన్నైకి పోతా ఉండాది."